గడియారం వెనక్కి తిప్పిన ఆఫీసు

గోతాన్ని బోర్లించేశాడు యలమందయ్య.

సురేంద్రగారి అద్దాల కేబిన్ ముందు, తెల్లటి టైల్స్ మీద ఎండుమిరపకాయలు జరజరా జారిపడ్డాయి. మంచి కాయలు కావు. మచ్చలు పడి, పాలిపోయి, పట్టుకుంటే పొడైపోయే తాలుకాయలు. ఫ్యాను గాలికి ఘాటు ఒక్కసారిగా పైకి లేచింది. ముందు దగ్గర్లో పనిచేసుకుంటున్న శ్రీదివ్య తుమ్మింది. ఆ తర్వాత ఆఫీసంతా ఒకటే దగ్గు.

"తుమ్మండి! బాగా తుమ్మండి!" అని అరిచాడు యలమందయ్య. "తేజ కాయ పెట్టానయ్యా నేను. ప్రత్తిపాడు మొత్తం మీద అట్టాంటి కాయ లేదన్నారు. కోల్డ్ స్టోరేజీలో చీటీ ఇస్తే ఇదిగో, ఈ తాలు తెచ్చి నా మొహాన కొట్టారు. అదేందయ్యా అంటే కంప్యూటర్ చెప్పిందంట! ఎవడయ్యా ఆ కంప్యూటర్‌కి చెప్పిన మొనగాడు? బయటికి రమ్మనండి!"

అది 2007 ఏప్రిల్. మిర్చి సీజన్ మంచి ఊపు మీదుంది. గుంటూరు బ్రాడీపేటలో ఉన్న ఆ చిన్న కంపెనీ కోల్డ్ స్టోరేజీలకూ, జిన్నింగు మిల్లులకూ ప్రోగ్రాములు రాసిచ్చేది. రైతు మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, లోపలికి వెళ్ళేటప్పుడు పడే లాట్ నంబరు, బయటికి వచ్చేటప్పుడు చూసే లాట్ నంబరు, రెండూ వీళ్ళ ప్రోగ్రాములోవే.

కళ్ళు తుడుచుకుంటూ లేచి నిలబడింది భానుశ్రీ. ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళలో ఆమె ఒకతె. అద్దంకి నుంచి వచ్చి, హాస్టల్లో ఉంటూ, మూడేళ్ళుగా ఆ ఆఫీసులో పనిచేస్తోంది.

"కూర్చోండి పెద్దాయనా. మీ లాట్ నంబరు చెప్పండి, చూస్తాను," అంది.

"నేను కూర్చోవడానికి రాలేదమ్మాయ్. నా కాయ నాకు కావాలి."

నంబరు కొట్టి చూసింది. ఒకే నంబరు మీద రెండు లాట్లున్నాయి. ఒకటి యలమందయ్య తేజ, ముందు గేటులో లోపలికి వెళ్ళింది. ఇంకొకటి ఎవరిదో తాలు, వెనక గేటులో వెళ్ళింది. తాలు పెట్టినవాడు నిన్న వచ్చాడు. వాడి చీటీకి హమాలీలు తేజ టిక్కీలు దించారు. వాడు నోరు మూసుకుని, లోడెత్తుకుని వెళ్ళిపోయాడు. ఇవాళ యలమందయ్యకి మిగిలింది తాలు.

ఇది జరగడానికి వీల్లేదు. ఈ ఏడే కోల్డ్ స్టోరేజీ వాళ్ళు రెండో గేటు తెరిచారు. రెండు గేట్లలో ఇద్దరు గుమస్తాలు నంబర్లు కొడితే ఒకటే నంబరు రెండుసార్లు పడుతుందని అక్కడి మేనేజర్ అలీ సాహెబ్ ముందే భయపడ్డాడు. అలా పడితే ప్రోగ్రాము ఒప్పుకోకుండా నాలుగు లైన్లు రాశారు. ఉగాది ముందు అవి ఉన్నాయి. ఇప్పుడు లేవు. ఆ మాటే పైకి అనేసింది.

కేబిన్ తలుపు తెరుచుకుని కంపెనీ యజమాని సురేంద్ర బయటికొచ్చాడు. నుదుటన నిలువు బొట్టు, చేతికి నాలుగు రంగుల రాళ్ళ ఉంగరాలు. కింద మిరపకాయలు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కోటేష్! ఆ లాట్ నంబర్ల ఫైలు హిస్టరీ తియ్. ఎవరు ముట్టుకున్నారో ఇప్పుడే తేలాలి."

కోటేష్ సురేంద్ర భార్యకి తమ్ముడు. ఆ ఆఫీసులో అందరికీ పెద్ద. వచ్చి పెద్ద స్క్రీన్ ముందు కూర్చుని, నాలుగు క్లిక్కులు కొట్టాడు.

"ఉగాదికి ముందు గురువారం, బావగారూ. ఒంటిగంటకి ఆ నాలుగు లైన్లు నేనే పెట్టాను. ఒంటిగంటా పావుకి..."

ఆగాడు.

"ఆగావేం? చదువు."

"ఒంటిగంటా పావుకి అవి తీసేసినట్టుంది." కోటేష్ స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. "భానుశ్రీ."

ఒక్క క్షణం ఎవరూ దగ్గలేదు.

"నేనా?" అంది భానుశ్రీ. "నేనెందుకు తీస్తాను?"

"కంప్యూటర్ అబద్ధం చెప్తుందా?" సురేంద్ర గొంతు లేచింది. "వాడు పెడితే పావుగంట తిరక్కుండా నువ్వు పీకేశావు. యలమందయ్యగారూ, చూశారుగా, కంపెనీ తప్పేం లేదు. ఇదంతా ఈ అమ్మాయి చేతి చలవ. భానుశ్రీ, నీ బ్యాగు సర్దుకో. సోమవారం నుంచి రావద్దు. కోల్డ్ స్టోరేజీ వాళ్ళందరికీ సాయంత్రానికి నేనే చెప్తాను, ఎవరు చేశారో, ఎవర్ని తీసేశామో."

ఉద్యోగం పోవడం వేరు. పేరు పోవడం వేరు. గుంటూరులో ఈ పని చేసే కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందరికీ అవే కోల్డ్ స్టోరేజీలు, అవే మిల్లులు. రైతు నోరు కొట్టిన అమ్మాయి అని ఒక్కసారి మిర్చి యార్డులో మాట పడిందా, తెల్లారేసరికి నరసరావుపేట దాకా పాకుతుంది. ఇక ఆమెని గడప తొక్కనిచ్చేవాడుండడు.

అయినా ముందు నోటికొచ్చింది వేరే మాట.

"సర్, నా సంగతి తర్వాత. ముందు గేట్లు ఆపమని ఫోన్ చెయ్యండి. ఒక నంబరు రెండుసార్లు పడిందంటే ఇంకెన్ని పడ్డాయో! ఈ నిమిషంలో కూడా ఒకళ్ళ కాయ ఇంకొకళ్ళ లారీ ఎక్కుతూ ఉంటుంది."

సురేంద్ర వాచీ చూసుకున్నాడు. "పదిన్నర దాటింది. శుక్రవారం. రాహుకాలం. పన్నెండు దాటాక మాట్లాడదాం. ఈ టైములో ఫోన్ చేస్తే ఉన్నది కూడా చెడుతుంది."

"చెడ్డానికి ఇంకా ఏం మిగిలిందయ్యా?" అన్నాడు యలమందయ్య.

సురేంద్ర వినలేదు. కేబిన్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

భానుశ్రీ స్క్రీన్ వంకే చూస్తూ నిలబడింది. ఒంటిగంట, కోటేష్. ఒంటిగంటా పావు, భానుశ్రీ. పెద్దపెద్ద అక్షరాల్లో తన పేరు. చూస్తూండగానే ఆమెకి ఆ గురువారం గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కోపం రాలేదు, ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే మంట మొదలైంది.

ఆ ఆఫీసులో ఎవరు ఏ ఫైలు మార్చినా దాన్ని ఒక సిస్టమ్‌లో దాచేవాళ్ళు. పాతది పారేయకుండా, దాని మీద కొత్తది పెట్టి, ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఏం మార్చారు అన్నీ రాసుకునే సిస్టమ్ అది. అందరూ దాన్ని బీరువా అనేవాళ్ళు. సురేంద్రకి ఆ బీరువా మీద ఒక పట్టింపు ఉంది. రాహుకాలంలో అందులో ఏదీ పెట్టకూడదు. రెండేళ్ళ కిందట చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో ప్రోగ్రాము ఆగిపోయింది. ఆ ప్రోగ్రాము రాహుకాలంలో పెట్టిందని తేలింది. అంతే, అప్పట్నుంచి రోజూ సాయంత్రం కూర్చుని, ఎవరు ఏ టైములో పెట్టారో వరసగా చూసేవాడు. రాహుకాలంలో పడ్డవాణ్ణి నిలబెట్టి కడిగేసేవాడు.

బుధవారం మధ్యాహ్నం, గురువారం మధ్యాహ్నం, శుక్రవారం పొద్దున. పని జోరుగా సాగే వేళల్లోనే ఆ రాహుకాలం వచ్చి కూర్చునేది. కస్టమర్లు ఫోన్లో అరిచేవాళ్ళు. దానికి మందు కనిపెట్టింది కోటేషే. ఆ పాత బీరువా ఎవరి కంప్యూటర్ గడియారం ఏం చెప్తే ఆ టైమే రాసుకునేది. స్క్రీన్ మూల గడియారం మీద రెండు నొక్కులు నొక్కి, ముళ్ళు వెనక్కి తిప్పి, ఫైలు పెట్టేసి, మళ్ళీ ముందుకి తిప్పేస్తే సరి. సాయంత్రం బావగారి కంటికి అంతా శుభమే. ఆఫీసంతా అదే చేసేది. భానుశ్రీ కూడా చేసేది. టీ తాగేటప్పుడు దాని మీద జోకులేసుకునేవాళ్ళు.

ఆ గురువారం మాత్రం ఆమె తిప్పలేదు. చీటీ ప్రింటు సరిచేసి, ఒంటిగంటన్నర రాహుకాలం రాకముందే ఒంటిగంటా పావుకి పెట్టేసి, భోజనానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కోటేష్ ఎదురుచూస్తున్నాడు. "భానూ, ఆ ఫైలు వదిలావా? అలీ సాహెబ్ ప్రాణం తీస్తున్నాడు," అని తీసుకున్నాడు. ఆమె ప్రింటు మార్పు మీద ఆ నాలుగు లైన్లు రాసి, రాహుకాలం నడుస్తూండగానే, గడియారం ఒంటిగంటకి తిప్పి పెట్టాడు. జరిగింది అది. ముందు తను. తర్వాత వాడు.

మరి ఆ లైన్లు ఎలా పోయాయి? అది ఉగాది నాడు జరిగింది.

పాత బీరువా పాడవుతోందని, చరిత్ర మొత్తం సబ్‌వర్షన్ అనే కొత్త దాంట్లోకి మార్చాలని నిర్ణయించారు. కొత్త దాంట్లో గడియారం ఆటలు సాగవు. అది సర్వర్ టైము తప్ప ఇంకేదీ నమ్మదు. ఉగాది సోమవారం వచ్చింది. ఏడున్నరకి రాహుకాలం. ఆ లోపు మార్చడం అయిపోవాలని సురేంద్ర ముహూర్తం పెట్టాడు. సర్వర్‌కి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టారు. కోటేష్ మీటలు నొక్కుతున్నాడు, భానుశ్రీ పక్కన కూర్చుంది. ఉన్నట్టుండి స్క్రీన్ మీద పసుపు అక్షరాలు మొదలయ్యాయి. ఈ ఫైలు టైము దాని ముందుదాని కంటే వెనక ఉంది, ఏం చెయ్యమంటారు? ఒకటి కాదు, జల్లు జల్లుగా.

"ఆపు కోటేష్," అంది చిన్నగా. "ఇవన్నీ మనం గడియారాలు తిప్పినవే. టైము ప్రకారం పేర్చితే వరస తారుమారవుతుంది. పాతది పైకొస్తుంది, కొత్తది కిందకి పోతుంది. పాత బీరువా వేసిన వరస నంబరు ప్రకారం పేర్చమను."

"దానికి ఒక్కో ఫైలూ చూడాలి. ఇవాళ కాదు, వారం పడుతుంది. టైము ప్రకారమే పోనీ."

ఉగాది పచ్చడి కప్పు పట్టుకుని సురేంద్ర వాళ్ళ వెనక్కొచ్చి నిలబడ్డాడు. "ఏమిటవి, ఆ పసుపు అక్షరాలు?"

"శుభం బావగారూ," అన్నాడు కోటేష్, తడుముకోకుండా. "పసుపే కదా."

సురేంద్ర మురిసిపోయాడు. భానుశ్రీ నోరు తెరవలేదు. తెరిస్తే రెండేళ్ళ గుట్టు బయటపడుతుంది. పచ్చడి ఇచ్చారు, తాగేసింది.

అలా ఆ గురువారం ఫైలు తలకిందులైంది. ఒంటిగంట అని రాసుంది కాబట్టి కోటేష్‌ది కిందకి పోయింది. ఒంటిగంటా పావు కాబట్టి ఆమె పాత ప్రింటు ఫైలు దాని మీద కూర్చుంది. దాంట్లో ఆ నాలుగు లైన్లు అసలు లేనే లేవు, అప్పటికి రాయనే లేదు కదా! కొత్త బీరువాలోంచి తీసిన ప్రోగ్రామే కోల్డ్ స్టోరేజీకి వెళ్ళింది. చూసేవాడికి మాత్రం భానుశ్రీ పనిగట్టుకుని పీకేసినట్టే కనిపిస్తుంది.

ఇది కోటేష్‌కి తెలియదా? ఆమె తల తిప్పి వాడి వంక చూసింది. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాడు.

తెలుసు. చదవకముందే తెలుసు.

"బయటికి రా," అంది.

మెట్ల దగ్గర, మంచినీళ్ళ డబ్బా పక్కన నిలబడ్డారు. శ్రీదివ్య కూడా వెంట వచ్చింది. లోపల యలమందయ్య ఎవరినో తిడుతున్నాడు.

"చెప్పు కోటేష్. ఎవరిది ముందు, ఎవరిది తర్వాత?"

"అరవకు భానూ."

"ఇంకా మొదలెట్టలేదు."

కోటేష్ మెడ తుడుచుకున్నాడు. "చూడు. బావగారికి ఈ గడియారాల సంగతి తెలిస్తే ఏమవుతుందో తెలుసా? నన్నొక్కణ్ణే కాదు, అందరినీ పీకేస్తాడు. శ్రీదివ్యని, నిన్ను, నన్ను. అదే నువ్వొక్కదానివి వారం రోజులు ఇంటికెళ్ళి కూర్చున్నావనుకో, ఆయన చల్లబడతాడు. నేనే మాట్లాడి మళ్ళీ తీసుకొస్తాను. మా అక్కతో చెప్పిస్తాను."

"మీ అక్కతో చెప్పిస్తావా? అబ్బ! ఎంత పెద్ద మనసు! కాయ ఎవడిదో పోయింది, తప్పు నీది, శిక్ష నాది, దయ మీ అక్కది. బాగా పంచావురా అందరికీ!"

"రా అంటావేంటి?"

"ఇంకా మంచి మాటలున్నాయి. ఆడపిల్లనని ఆగాను."

శ్రీదివ్య ఆమె మోచెయ్యి పట్టుకుంది. "కోపంలో ఉన్నావు గానీ భానూ, ఆలోచించు. మనందరం తిప్పినవాళ్ళమే. నువ్వు తిప్పలేదూ? మొన్న సంక్రాంతి ముందు నా కంప్యూటర్ మీద నువ్వే తిప్పావు. ఇప్పుడు నీతులు మాట్లాడితే ఎలా?"

ఆ మాట సూటిగా తగిలింది. నిజమే కాబట్టి తగిలింది. భానుశ్రీ నీళ్ళ డబ్బా మీద చెయ్యి వేసి నిలబడింది.

"తిప్పాను," అంది. "ఉగాది నాడు నోరు కూడా మూసుకున్నాను. అందుకే ఇవాళ ఈ దరిద్రం. నేను తిప్పినందుకు తిట్లు పడమను, పడతాను. నేను పీకని దానికి మాత్రం పడను."

"ఆయన నమ్ముతాడనుకుంటున్నావా?" అన్నాడు కోటేష్. వాడి గొంతు మారింది. "కొత్త బీరువాలో నీ పేరుంది. నాకు అక్క ఉంది. నీకెవరున్నారు?"

భానుశ్రీ వాణ్ణి ఎగాదిగా చూసింది. ఇన్నాళ్ళూ ఇతగాడి జోకులకే తను నవ్వింది.

"పాత బీరువా ఉంది," అని లోపలికి నడిచింది.

తలుపు తట్టలేదు. తోసుకుని వెళ్ళింది. సురేంద్ర కుర్చీలో కళ్ళు మూసుకుని ఏదో జపిస్తున్నాడు.

"ఇంకా వెళ్ళలేదా నువ్వు?"

"యలమందయ్యగారూ, మీరు కూడా రండి," అని పిలిచింది భానుశ్రీ. "మీ ముందే నా పేరు చెప్పారు. మీ ముందే మిగతాది కూడా తేలాలి."

యలమందయ్య కండువా దులుపుకుంటూ వచ్చాడు. వెనక కోటేష్, శ్రీదివ్య గుమ్మంలో ఆగిపోయారు. భానుశ్రీ సురేంద్ర కంప్యూటర్ తన వైపు తిప్పుకుని, పాత బీరువా తెరిచి, ఆ ఫైలు పేరు నొక్కింది.

"చూడండి సర్. పాత దాంట్లో ప్రతి మార్పుకీ వరస నంబరు పడుతుంది. దాన్ని ఎవరూ తిప్పలేరు. నాది నలభై ఒకటి. కోటేష్‌ది నలభై రెండు. అంటే ఎవరిది తర్వాత?"

"వాడిదే." సురేంద్ర కనుబొమలు ముడిపడ్డాయి. "కానీ నలభై రెండు ఒంటిగంట అంటోంది, నలభై ఒకటి ఒంటిగంటా పావు అంటోంది. తర్వాతది ముందెలా అవుతుంది?"

"ఏముందయ్యా, దాని గడియారం ఎవడో ఎనక్కి తిప్పాడు," అన్నాడు యలమందయ్య. "కాటా ఒంచేవాణ్ణి చూళ్ళేదా, ఇదీ అంతే."

"అంతే," అంది భానుశ్రీ. సురేంద్ర చూస్తూండగానే స్క్రీన్ మూల గడియారం మీద నొక్కి, పొద్దున తొమ్మిదికి తిప్పింది. ఒక ఖాళీ ఫైలు తీసి పాత బీరువాలో పెట్టింది. "ఇదిగో. ఇప్పుడు నడుస్తున్నది రాహుకాలం. కానీ నేనిది తొమ్మిదింటికి పెట్టానని ఉంది. సాయంత్రం మీరు చూస్తే నన్నేమైనా అంటారా? అనరు. రెండేళ్ళుగా మేమందరం ఇదే చేస్తున్నాం. నేనూ చేశాను. ఆ గురువారం చేసింది కోటేష్. ఉగాది నాడు వచ్చిన పసుపు అక్షరాలు ఇవే. టైములు అబద్ధం, వరస తప్పుతుంది అని మొత్తుకున్నాయి. టైము ప్రకారమే పోనిమ్మన్నాడు మీ బావమరిది, మీ ముహూర్తం దాటకుండా. ఆ నాలుగు లైన్లు పోయింది అక్కడ. నేను తీయలేదు."

సురేంద్ర మొహం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. గుమ్మం వైపు తిరిగాడు. "కోటేష్! నిజమేనా?"

కోటేష్ నేల చూపులు చూశాడు.

"రెండేళ్ళు..." సురేంద్ర కుర్చీలోకి జారిపోయాడు. "నా ఆఫీసులో రెండేళ్ళుగా రాహుకాలంలో..." ఉన్నట్టుండి అతని కళ్ళు మెరిశాయి. బల్ల మీద గట్టిగా చరిచాడు. "అందుకే! అందుకే ఇలా అయింది! చూశారా? రాహుకాలంలో పెట్టిన నాలుగు లైన్లు నిలిచాయా? మాయమైపోయాయి! నేను మొదట్నుంచీ చెప్పలా?"

ఉద్యోగం తీసేసినప్పుడు కూడా ఇంత మండలేదు భానుశ్రీకి.

"రాహువు కాదండీ మాయం చేసింది!" ఆమె గొంతు బయట హాల్లో చివరి బల్ల దాకా వినిపించింది. "మీరు! మీ తిట్లకి జడిసి మేం దొంగ టైములు పెట్టాం. ఆ దొంగ టైముల్ని చరిత్ర అని కొత్త బీరువాలోకి ఎత్తాం. ఆ చరిత్ర చూసి మీరు నన్ను దొంగని చేశారు. ఆయన తేజ కాయ ఎవడి లారీలోనో పోయింది. ఇప్పటికీ అక్కడ గేట్లు తెరిచే ఉన్నాయి, మీరు ఇక్కడ కళ్ళు మూసుకుని కూర్చున్నారు!"

"గొంతు తగ్గించు."

"తగ్గించను. నన్ను వెళ్ళిపొమ్మన్నప్పుడు మీరు తగ్గించారా? ఆఫీసంతా విన్నది అది. ఇది కూడా వినాలి."

"అదీ! అడుగమ్మాయ్!" అన్నాడు యలమందయ్య.

సురేంద్ర చేతులు పైకెత్తాడు. "సరే, సరే. నీ ఉద్యోగం నీకుంటుంది. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. కోల్డ్ స్టోరేజీ వాళ్ళకి మాత్రం, ఇప్పుడు ఈ పేర్లన్నీ ఎందుకు? మిషన్ పొరపాటు అని చెప్పేద్దాం."

"ఇందాక నా పేరు చెప్తానన్నప్పుడు మిషన్ గుర్తు రాలేదే?"

జవాబు కోసం ఆగలేదు. బల్ల మీద ఫోన్ దగ్గరికి లాక్కుని, స్పీకర్ నొక్కి, నంబరు కొట్టింది.

"పన్నెండు కాలేదు!" అని సురేంద్ర చెయ్యి చాచాడు. యలమందయ్య ఆ చేతికీ ఫోనుకీ మధ్య వచ్చి నిలబడ్డాడు. పొలం పని చేసిన మనిషి, నిలబడితే చాలు.

"హలో, అలీ సాహెబ్‌ని."

"భానుశ్రీనండీ. రెండు గేట్లూ ఆపేయండి. ఒక్క టిక్కీ కూడా బయటికి పోకూడదు."

"ఏమ్మా, ఎండ దెబ్బ తగిలిందా? బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఇప్పుడు గేట్లు మూస్తే హమాలీలు నన్నే టిక్కీలో వేసి కుట్టేస్తారు."

"మా ప్రోగ్రాములో తప్పుంది సాహెబ్‌గారూ. రెండు లాట్లకి ఒకే నంబరు పడుతోంది. ఉగాది తర్వాత పడిన ప్రతి నంబరూ చూడాలి."

అవతల అలీ సాహెబ్ దూరంగా ఎవరినో కేకేసి, రెండు గేట్లూ ఆపమనడం వినిపించింది. మళ్ళీ ఫోన్లోకి వచ్చాడు. ఈసారి గొంతులో చనువు లేదు.

"అయితే నిజమేనన్నమాట. కోటేష్ బాబు ఇందాకే నా సెల్లుకి మెసేజ్ పెట్టాడు. భానుశ్రీ ఆ లైన్లు తీసేసింది, ఆమెని తీసేశాం, మీరేం కంగారుపడకండి అని. ఏమ్మా, అట్టా ఎందుకు చేశావు? నిన్ను నేను మంచిపిల్లవనుకున్నాను."

మెట్ల దగ్గర బతిమాలుతున్నప్పటికే ఆ మెసేజ్ వెళ్ళిపోయిందన్నమాట. శ్రీదివ్య నెమ్మదిగా కోటేష్ పక్కనుంచి జరిగి, భానుశ్రీ వైపు వచ్చి నిలబడింది.

భానుశ్రీ ఫోన్ని సురేంద్ర ముందుకి తోసింది.

"చెప్పండి."

సురేంద్ర బావమరిది వంక చూశాడు. యలమందయ్య వంక చూశాడు. అద్దం అవతల, కుర్చీల్లోంచి లేచి నిలబడ్డ తన మనుషుల వంక చూశాడు. ఎటు చూసినా కళ్ళే.

"సాహెబ్, నేను సురేంద్రని."

"చెప్పండి సార్."

"ఆ మెసేజ్ తప్పు. ఆ అమ్మాయి ముట్టుకోలేదు. మా కోటేష్ కొత్త దాంట్లోకి మార్చేటప్పుడు వరస తప్పించాడు." "తొందరపెట్టింది నేను. భానుశ్రీ ఇక్కడే ఉంటుంది. మీ పని ఆ అమ్మాయే చూస్తుంది."

"అట్టాగా." అలీ సాహెబ్ ఒక్క నిట్టూర్పు విడిచాడు. "అమ్మాయ్, ఏమనుకోకు. విన్న మాట అన్నాను. ఆ ప్రత్తిపాడు రైతు ఉన్నాడా అక్కడ?"

"ఉన్నా. చెప్పు," అన్నాడు యలమందయ్య.

"నిన్న సాయంత్రం పోయిన లోడు యార్డులో ఒక కొట్టు దగ్గర దించారు. ఇందాకే హమాలీని అడిగాను. సగం కాటా వేసి అమ్మేశారంట. మిగతా సగం కొట్టు ముందే ఉంది. మనిషిని పంపుతున్నా, అడ్డం పడుకుని అయినా ఆపుతాడు. అయిపోయిన సగం సంగతి మీ సురేంద్రగారితో తేల్చుకో. నా పూచీ కాదు."

"తేల్చుకుంటా," అన్నాడు యలమందయ్య, సురేంద్ర మొహంలోకి చూస్తూ. "ఇక్కడే కూర్చుని తేల్చుకుంటా."

భానుశ్రీ ఫోన్ పెట్టేసి, తన బల్ల దగ్గరికి నడిచింది. ముందు ఆ నాలుగు లైన్లు వెనక్కి పెట్టి కోల్డ్ స్టోరేజీకి పంపాలి. ఆ తర్వాత పాత బీరువా మొదటి నుంచి తెరిచి, ప్రతి ఫైలూ వరస నంబరు ప్రకారం మళ్ళీ కొత్త దాంట్లోకి ఎత్తాలి. ఎవరు రాసింది వాళ్ళ పేరు మీదే ఉండాలి. తను గడియారం తిప్పినవి తన పేరు మీదే ఉండాలి. శ్రీదివ్య కుర్చీ జరుపుకుని పక్కన కూర్చుంది. కోటేష్ ఎక్కడున్నాడో ఆమె తల తిప్పి చూడలేదు.

కేబిన్ గుమ్మంలోంచి సురేంద్ర గొంతు నీరసంగా వినిపించింది. "అమ్మా, భానుశ్రీ, ఎంతోసేపు లేదు. పన్నెండు దాటనిచ్చి మొదలెట్టరాదూ?"

భానుశ్రీ వేళ్ళు కీబోర్డు మీద ఆగలేదు.

యలమందయ్య ఒక కుర్చీ ఈడ్చుకొచ్చి, సరిగ్గా ఆ గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.

"నువ్వు కానీ తల్లీ," అన్నాడు. "ఆయన ఇటు రాడులే."